గంగిరెడ్డి తోటలోని మెత్తని తెగులు

మొక్కల తెగుళ్ల శాఖలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, ఏ పుస్తకం చదవమంటారు సార్ అని అడుగుతారు. నేను పుస్తకం పేరు చెప్పను, గోళ్లు చూపించమంటాను. వాళ్లు తెల్లమొహం వేస్తారు. ముసలాయనకు మతి చలించిందనుకుంటారో ఏమో, అనుకోనీండి. వైరస్‌తో పనిచేసేవాడు గోళ్లు పెంచుకున్నాడంటే ఒక చెట్టు రసం ఇంకో చెట్టుకు మోస్తున్నాడన్నమాట. వాడు ఎన్ని పుస్తకాలు చదివినా నాకు నమ్మకం కుదరదు.

ఇంక్రిమెంట్లు, బదిలీలు, ఎవరికి ఏ పోస్టు వచ్చిందన్న గొడవలు ఇందులో రాయను. అవి రాయడానికి వేరేవాళ్లున్నారు. ఒక పెద్దాయన గురించి, ఒక మిరపతోట గురించి రాస్తాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా దాదాపు ఆ తోటలోనే నేర్చుకున్నాను.

సబ్బు ఉద్యోగం

మాది ప్రొద్దుటూరు. మా ఇంట్లో అందరూ అంగళ్లలో కూర్చునేవాళ్లు. నేనొక్కడినే వ్యవసాయ కాలేజీలో చదివి, కడప దగ్గర ఒక చిన్న సర్కారు క్షేత్రంలో తెగుళ్ల అసిస్టెంటుగా చేరాను. అప్పుడే కొత్తగా రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది. పెద్ద పెద్ద కచేరీలు డేరాల్లో నడిచేవి. మా క్షేత్రానికి డేరా కూడా లేదు. ఒక రేకుల షెడ్డు, దోమతెర గుడ్డ కట్టిన ఒక గది, పెంకులు లేచిన ఒక నీళ్ల తొట్టి, అంతే.

పని ఏమిటంటే, తెగులు సోకిన ఆకును కల్వంలో వేసి నూరతాం. మంచి మొక్క ఆకు మీద గరుకుపొడి చల్లి, ఆ రసంలో వేలు ముంచి మెల్లగా రుద్దుతాం. పొడి ఆకు పైపొరను కంటికి కనబడనంత గీరుతుంది, ఆ గీతల్లోంచి వైరస్ లోపలికి పోతుంది. తర్వాత ఆకును నీళ్లతో కడిగి, మొక్కకు నీడ పట్టి, ఎదురుచూస్తాం. మళ్లీ చేతులు కడుక్కుంటాం. ఇంకో కుండీ ముట్టుకునే ముందు మళ్లీ కడుక్కుంటాం. మా చిన్నాన్న ఒకసారి చూడడానికి వచ్చి, కాసేపు నిలబడి, "ఏందిరా, ఇంత సదివి ఈడ చేతులు కడుక్కుంటాండావా? అదేదో మన అంగట్లోనే కడుక్కోవచ్చు గదా" అన్నాడు. ఆయన వెళ్లిపోయాక కూడా వారం రోజులు ఆ మాటకు షెడ్డులో నవ్వుకున్నాం.

కడప ఎండలో పొగాకు మొక్కను, మిరప మొక్కను కుండీలో బతికించడమే ఒక పని. తడి గోనెపట్టలు కట్టి, వాటి మీద నీళ్లు చల్లుతూ కూర్చునేవాళ్లం. మట్టిని డ్రమ్ములో వేసి వేయించేవాళ్లం. ఆకుల మీద పేనుబంక పురుగు ఒక్కటి కనబడినా ఆ రోజు అందరికీ చీవాట్లే. ఆ పురుగు ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలితే, మేం రుద్దాల్సిన పని అదే చేసేసేది.

సాహెబ్

మా పై అధికారి ఖాసిం సాహెబ్. కర్నూలు పాతబస్తీ మనిషి. పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. కోపం వస్తే ముందు ఉర్దూలో తిట్టి, నాకు అర్థం కాలేదేమోనని మళ్లీ తెలుగులో తిట్టేవాడు. కోపం తగ్గాక జేబులోంచి ఖర్జూరం తీసి చేతిలో పెట్టేవాడు. ఆయన తిట్టిన రోజుల్లో నేను ఇంట్లో టిఫిను మానేసేవాణ్ణి. ఎట్లాగూ ఖర్జూరాలు దొరుకుతాయి కదా.

ఆయనకు పాన్ అంటే ప్రాణం. అందులో జర్దా వేసుకునే అలవాటు చిన్నప్పటినుంచీ ఉండేదట. ఈ పనిలోకి వచ్చాక, పొగాకులో ఉండే వైరస్ చేతుల ద్వారా మొక్కలకు అంటుతుందని జర్దా మానేశాడు. మానేశాడు కానీ దుఃఖం మానలేదు. భోజనం అయ్యాక ఉత్త పాన్ నములుతూ, నన్ను చూసి, "శెట్టీ, ఈ సర్కారు నా జీతం ఇస్తాండాది గానీ నా జర్దా తినేసింది" అని నిట్టూర్చేవాడు.

కర్నూలు డేరాల నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు ఒకసారి. చేతిలో సిగరెట్టు, వెనక ఇద్దరు బంట్రోతులు.  సాహెబ్ గది తలుపు దగ్గర అడ్డంగా నిలబడి, "సలాం సాబ్. సిగరెట్ పారేసి, ఆ తొట్టి కాడ చేతులు కడుక్కోని రాండి. సబ్బు ఆడ ఉండాది" అన్నాడు. అధికారి ముఖం ఎర్రబడింది. సాహెబ్ కదల్లేదు. చివరికి ఆ మహానుభావుడు సిగరెట్ పారేసి, కోటు చేతులు మడుచుకుని, తొట్టి దగ్గర వంగి చేతులు కడుక్కున్నాడు. బంట్రోతులు కూడా కడుక్కున్నారు. నాకు ఆ రోజే ఈ మనిషి దగ్గర ఎంత కాలమైనా పనిచేయవచ్చనిపించింది. పిల్లలూ, మంచి పై అధికారి దొరికితే ఆయన తిట్లను కూడా భద్రపరచుకోండి. అట్లాంటివాళ్లు శానా తక్కువ దొరుకుతారు.

టీకా

బద్వేలు వైపు ఒక ఊర్లో గంగిరెడ్డి అనే రైతు ఉండేవాడు. ఆ ఊర్లో తియ్యనీళ్ల బావి ఆయన తోటలోనే ఉంది. అందుకని ఊరందరికీ మిరపనారు వాళ్ల మడిలోనే పోసేవాళ్లు. ఆయన భార్య సుబ్బమ్మ ఆ నారుమడిని చూసుకునేది. నారు అదును వచ్చిందని ఆమె అంటే ఊరంతా గంపలు తెచ్చుకుని వరుసలో నిలబడేది. ఆ మడికి ఏమైనా అయితే ఊరు మొత్తానికీ మిరప లేదు.

ఆ చుట్టుపక్కల మిరపకు మొజాయిక్ తెగులు విపరీతంగా ఉండేది. ఆకులు పసుపు పచ్చ మచ్చలు పడి, దారాల్లా సన్నబడి, మొక్క ముడుచుకుని కూర్చునేది. ఎకరాలకు ఎకరాలు పోయేవి. గంగిరెడ్డి తోటలో మాత్రం వింతగా ఉండేది. అక్కడ కూడా ప్రతి ఆకు మీదా లేత మచ్చలున్నాయి, తెగులు ఉన్నట్టే. కానీ మొక్కలు నిటారుగా నిలబడి విరగకాసేవి. "మా తోటలో తెగులు మెత్తనిది సారూ, ఏం చేయదు" అని గంగిరెడ్డి గర్వంగా చెప్పుకునేవాడు.

ఆ ఆకులు తెచ్చి నూరి కుండీల్లో మొక్కలకు రుద్దాం. లేత మచ్చలే వచ్చాయి. ఆ మొక్కలకే తర్వాత గట్టి తెగులు రసం రుద్దితే దానికి లొంగలేదు. ముందు మెత్తనిది లోపల కూర్చుంటే గట్టిది లోపలికి రాలేదు. సాహెబ్‌కు ఆ పూట కాలు నిలవలేదు. షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూ, "అరే శెట్టీ, ఇది టీకా! పిల్లోళ్లకు అమ్మవారు పోయకుండా టీకా ఏస్తారు సూడు, అదే ఇది! సుబ్బమ్మ మడిలో నారుకంతా ఈ రసం రుద్దితే ఊరికి ఊరే బతికిపోతాది!" అన్నాడు.

ఊరికి వెళ్లి చెప్పాం. రైతులు మొదట బెదిరారు, చేజేతులా తెగులు అంటించుకోవడమేంటని. గంగిరెడ్డి తోట చూపించాక ఒప్పుకున్నారు. "సాహెబ్ సారు మాట మీద పోతాండాం, మమ్మల్ని ముంచొద్దు సామీ" అన్నాడొక పెద్దాయన. సాహెబ్ ఆయన రెండు చేతులూ పట్టుకుని మాటిచ్చాడు. వచ్చే నారు అదునుకు పని అని అనుకున్నాం. కర్నూలుకు కూడా కబురు వెళ్లింది. ఇంకేం, మా షెడ్డు పేరు రాష్ట్రమంతా మోగబోతోందని నేను కూడా కాలర్ ఎగరేశాను.

ముగ్గురాయి పొడి

అట్లా ఉండగా మాకు గరుకుపొడి అయిపోయింది. అది మద్రాసు నుంచి రావాలి. రాష్ట్రాలు విడిపోయాక మద్రాసు నుంచి ఏది ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. కుండీల్లో మొక్కలు మాత్రం ఆగవు, ముదిరిపోతున్నాయి. మా చిన్నాన్న మంగంపేట వైపు నుంచి ముగ్గురాయి తెప్పించి పొడి అమ్మేవాడు. వాకిళ్లలో ముగ్గు వేసే ఆ తెల్లని రాయే. "సార్, అది పాలలాగా మెత్తగా ఉంటాది, గుడ్డలో జల్లెడ పట్టి తెస్తాను" అన్నాను. సాహెబ్ కాసేపు ఆలోచించి, "రాయి రాయే గదా, తెచ్చేయ్ బాబా" అన్నాడు. ఇద్దరం కలిసి చేసిన తెలివితక్కువ పని అది. ముగ్గురాయి బరువుగానైతే ఉంటుంది కానీ మెత్తని రాయి. ఆకును సరిగ్గా గీరదు. కోమటి అంగట్లో పుట్టినవాడికి, దాన్ని చిటికెన వేలితో నలిపి చూసినవాడికి ఆ మాత్రం తెలియాలి.

గంగిరెడ్డి తోట రసాన్ని ఆ పొడితో రుద్దాం. ఇంకేముంది, శానా మొక్కలకు తెగులు అంటనే లేదు. అంటిన నాలుగైదు మొక్కల్లో మాత్రం మేం కలలో కూడా అనుకోనిది వచ్చింది. ఆకులు దారాల్లా సన్నబడ్డాయి. మొక్క ముడుచుకుంది. అది గట్టి తెగులు.

సాహెబ్ ఆ కుండీల ముందు నిలబడి నా వైపు తిరిగాడు.

"చేతులు కడిగినావా?"

"కడిగినాను సార్."

"అబద్ధం! గట్టి తెగులు కుండీ ముట్టుకోని దీన్ని ముట్టుకున్నావు!"

"లేదు సార్, మా అమ్మ మీద ఒట్టు."

ఉర్దూలో తిట్టాడు, తెలుగులో తిట్టాడు. ఖర్జూరం ఇవ్వలేదు. మరుసటి రోజు చొక్కా విప్పి, మోచేతుల దాకా సబ్బు పెట్టి, కొత్త కల్వం ఉడకబెట్టి, మొత్తం పనంతా తనే చేశాడు. నన్ను తలుపు బయట నిలబెట్టాడు. మొక్కలు ఎదిగాక చూస్తే ఆయన చేతి కింద కూడా అదే వచ్చింది. మద్రాసు పొడి వచ్చాక, ముగ్గురాయి పొడితో పోయినట్టే కొంచెమే లోపలికి పోవాలని, అదే రసంలో నీళ్లు బాగా కలిపి పలచగా చేసి రుద్దాం. మళ్లీ కొన్ని మొక్కల్లో గట్టి తెగులే. చిక్కని రసం రుద్దితే మెత్తనిది, పలచని రసం రుద్దితే అక్కడక్కడ గట్టిది. ఆ గట్టి తెగులు మొక్క ఆకు నూరి ఎంత చిక్కగా రుద్దినా ఇక మెత్తనిది రాలేదు.

సాహెబ్ స్టూలు మీద కూర్చుని, తలగోక్కుని, చాలాసేపటికి అన్నాడు: "శెట్టీ, ఆ ఆకులో ఉండేది ఒకడు కాదు, ఇద్దరు. గట్టోడొకడు, వాణ్ణి అణిచి పెట్టేవాడొకడు. చిక్కగా రుద్దితే ఇద్దరూ పోతాండారు. పలచగా రుద్దితే ఒక్కోసారి గట్టోడొక్కడే పోతాండాడు. రెండోవాడు బయటే నిలబడిపోతాండాడు."

"రెండోవాడు ఒక్కడే పోతే, సార్?"

"వాడొక్కడే పోయిన మొక్క నువ్వు ఎప్పుడైనా చూసినావా? నేనైతే చూల్లేదు. వాడికి ఒక్కడికీ బతికే దారి లేదేమో."

ఆయన ఆ మాట అన్ననాటికి దానికి పేరు కూడా లేదు. నేను రిటైరయ్యే ముందు చదివాను. మొక్కల వైరస్‌లలో కొన్నిటి వెంట శాటిలైట్ ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న పోగు తిరుగుతుంటుంది. దానికి తనను తాను ఇంకొకటి చేసుకునే శక్తి లేదు. వైరస్ తన కోసం పెట్టుకున్న పొయ్యి మీదే తన వంట కూడా చేయించుకుంటుంది. వైరస్ తొడుక్కునే తొడుగులోనే దూరి ఇంకో మొక్కకు వెళ్తుంది. అందుకే ఆ వైరస్‌ను హెల్పర్ వైరస్ అంటారు. వైరస్‌కు ఇది అక్కర్లేదు, దీనికి మాత్రం వైరస్ లేకపోతే గతి లేదు. వంటలో సగం ఇది తినేస్తే వైరస్ బక్కచిక్కుతుంది, తెగులు మెత్తబడుతుంది. అన్నీ ఇట్లా ఉండవు. కొన్ని శాటిలైట్లు ఇంకో పంటలోకి వెళ్తే మెత్తబరచడం పోయి మొక్కను ఏకంగా చంపేస్తాయి. గంగిరెడ్డి తోటలో ఉన్నది మెత్తబరిచే శాటిలైటేనని నేను ప్రమాణం చేయలేను. ఆ మొక్కలూ లేవు, ఆ ఆకులూ లేవు. కానీ చదువుతుంటే నాకు స్టూలు మీద కూర్చుని తలగోక్కుంటున్న సాహెబే కనబడ్డాడు. ఆయన అప్పటికే కాలం చేశాడు. ఈ సంగతి చెప్పడానికి మనిషి లేకపోయెనే అని ఆ రోజు నాకు శానా బాధేసింది.

పెంటదిబ్బ

ఆ రోజుకు మళ్లీ వద్దాం. సాహెబ్‌కు ఒక్కటే అనుమానం. పేనుబంక పురుగు పీల్చేది ఒక్క గుటక రసం. ఆ గుటకలో రెండోవాడు లేకపోతే? మరి గంగిరెడ్డి తోటలో గట్టి తెగులు ఒక్క మొక్కకైనా ఎందుకు రాలేదు? మేం వెళ్లినప్పుడల్లా తోట అద్దంలా ఉండేది.

ఈసారి కబురు పెట్టకుండా బస్సెక్కి వెళ్లాం. గంగిరెడ్డి గెనిమ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, కంగారుగా, "ఏం సారూ, చెప్పకుండా వస్తిరి! ఇంకా తోట చేయలేదే!" అన్నాడు.

"తోట చేయడమేంది గంగిరెడ్డీ?" అన్నాడు సాహెబ్.

"అదే సారూ, మీరు వస్తాండారంటే ముందురోజు బక్కచెట్లు పీకేస్తాం గదా. దొరలొచ్చేటప్పుడు ఇల్లు ఊడ్చుకోమా, అట్లనే."

మేమిద్దరం తోటలోకి పరిగెత్తాం. వరుసల్లో అక్కడక్కడ ముడుచుకున్న మొక్కలున్నాయి, దారాల ఆకులతో. పీకినవి ఏవని అడిగితే పెంటదిబ్బ చూపించాడు. అక్కడ ఎండిపోయిన మిరపచెట్లు కుప్పగా పడి ఉన్నాయి. ఇన్నాళ్లూ మా మీద మర్యాదతో ఆయన మాకు చూపించనివి అవే. సాహెబ్ ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఒక్కో చెట్టు ఎత్తి చూశాడు. "తౌబా, తౌబా" అని గొణుక్కున్నాడు. గంగిరెడ్డికి ఏం తప్పు జరిగిందో అర్థం కాక నా చెయ్యి పట్టుకుని, "ఏమప్పా, నేనేమన్నా చేయరానిది చేసినానా?" అని అడిగాడు. పాపం, ఆయనకేం చెప్పను.

సంగతి తేటతెల్లమైంది. ఊరి నారంతటికీ ఈ మెత్తని తెగులు రుద్దితే, దాంట్లోంచి అక్కడక్కడ గట్టిది విడిపడుతుంది. ఈ తోటలో గంగిరెడ్డి చూసి పీకేస్తున్నాడు. అందరూ పీకుతారా? పక్కన టమోటా, పొగాకు వేసినవాడి గతేంటి? ఇప్పటిదాకా తెగులు లేని చేలకు కూడా మా చేత్తో మేమే తెగులు పంచినట్టవుతుంది.

మాట వెనక్కి తీసుకోవడం

అనుకున్న రోజుకు నారుమడి దగ్గర ఊరంతా చేరింది. సుబ్బమ్మ మడికి నీళ్లు తడిపి, గట్లు అలికి ఉంచింది. మొక్కలు జానెడెత్తు, పచ్చగా ఉన్నాయి. కల్వాలు, పొడి డబ్బా వస్తాయని అందరూ చూస్తున్నారు. సాహెబ్ వట్టి చేతులతో వచ్చాడు. మడి ముందు నిలబడి, "నేను ఈ పని చేయను. తప్పు మాదే. మెత్తని తెగులు మెత్తగా ఉంటాదని నేను పూచీ ఇయ్యలేను" అన్నాడు.

 ఒక్కసారిగా గోల.

"మరి తెగులొస్తే మేమేం కావాల?"

"మా కండ్లముందే గంగిరెడ్డి తోట కాస్తాండాదే!"

"మాటిచ్చి తప్పుతావా సారూ?" అన్నాడు, ఆ రోజు సాహెబ్ ఎవరి చేతులు పట్టుకుని మాటిచ్చాడో ఆ పెద్దాయన.

"తప్పుతాండా పెద్దాయనా. నీ కాళ్లు పట్టుకుంటా, కానీ రసం మాత్రం రుద్దను," అన్నాడు సాహెబ్.  ఏ దొరముందూ వంగని మనిషి ఆయన. నాకైతే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

చేయగలిగింది చేశాం. మడి చుట్టూ ఉన్న గుమ్మడి తీగలు పీకమన్నాం, పేనుబంకకు అవి కాపురాలు కాబట్టి. బాగా మరగబెట్టిన పొగాకు కషాయం చల్లమన్నాం. ముడుచుకున్న మొక్క కనబడితే ఆ రోజే పీకి పాతిపెట్టమన్నాం. సుబ్బమ్మ కాయలతో ఉన్న గుమ్మడి తీగలను ఒక్క మాట అనకుండా పీకింది. ఊరివాళ్లు మాత్రం మా వైపు చూడకుండా గంపలు తీసుకుని వెళ్లిపోయారు. కర్నూలు నుంచి వచ్చిన చీవాట్ల ఉత్తరం సాహెబ్ చదివి జేబులో పెట్టుకున్నాడు. దాని గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ ఏడు తెగులు వచ్చింది. కొన్ని చేలు బాగానే ఉన్నాయి, కొన్ని పోయాయి. సుబ్బమ్మ మరిది చేను సగానికి పైగా పోయింది. టీకా వేసుంటే ఏమయ్యేదో, ఇంకెక్కువ పోయేదో తక్కువ పోయేదో, ఆ రోజు మాకు తెలియదు, ఈ రోజు నాకూ తెలియదు. పిల్లలూ, ఈ ఉద్యోగంలో శానా ప్రశ్నలు ఇట్లాగే మిగిలిపోతాయి, వాటితోనే బతకాలి.

సాహెబ్ ఆ ఊరికి వెళ్దామన్నాడు. వద్దు సార్, తిడతారు అన్నాను. "తిట్టించుకోవడానికే పోతాండాం, రా" అన్నాడు.

మేం వెళ్లేసరికి సుబ్బమ్మ వాకిట్లో నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు. పెరట్లోకి వెళ్లి, మరిది చేలోంచి పీకుకొచ్చిన మొక్క ఒకటి తెచ్చింది. ఆకులు దారాలై వేలాడుతున్నాయి. దాన్ని సాహెబ్ ముందుకు చాపి అడిగింది:

"సారూ, నిజం చెప్పు. ఇది నీ చేతి నుంచి వచ్చిందా?"

"లేదు తల్లీ. అల్లా సాచ్చిగా నా చేతి నుంచి రాలేదు."

ఆమె ఆయన ముఖంలోకి కొంతసేపు చూసింది. తర్వాత ఆ మొక్కను పక్కన పడేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అయితే ఇది మా చేలో తెగులే. దీన్ని మేం పడతాం, పడకేం చేస్తాం. నీ చేతి నుంచి వచ్చింటే మాత్రం ఈ గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. రాండి, కాళ్లు కడుక్కోండి. సంగటి చేసినా."

సాహెబ్ విస్తరి ముందు కూర్చున్నాడు. ముద్ద తుంచి చేతిలో పట్టుకున్నాడు కానీ నోట్లో పెట్టుకోలేదు. ఆయన కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. అంతమందిని తిట్టినవాడు, అంతమంది చేత చేతులు కడిగించినవాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నేను తలొంచుకుని నా ముద్ద వైపు చూస్తూ కూర్చున్నాను. నాకు కూడా ఏడుపు ఆగలేదు.

సుబ్బమ్మ పప్పు గిన్నె తెచ్చి ఆయన విస్తట్లో ఇంకో గరిటె వేసింది.

"తిను సారూ, చల్లారిపోతాది. మళ్లా నారు పోసేటప్పుడు నీకే కబురు చేస్తాం. వచ్చి చూసిపో."